నైపుణ్యం నేర్పే బాధ్యత ఎవరిది?

కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ ఒక్క మాటలో కార్మికుని జీవితమంతా ఇమిడి ఉన్నది. అయితే ఆ విద్యను నేర్పవలసినది ఎవరు, నేర్చుకొనుటకు పట్టే కాలానికి కూలి ఇవ్వవలసినది ఎవరు, నేర్చిన తరువాత పని చూపవలసినది ఎవరు అన్న ప్రశ్నలకు సామెతలో సమాధానం లేదు. ఆ సమాధానం చట్టంలో ఉండాలి, ఒప్పందాలలో ఉండాలి, అన్నింటికన్న ముందు మన సంఘాల తీర్మానాలలో ఉండాలి. అది చాలినంతగా ఎక్కడా లేకపోవుటయే ఈ సంపాదకీయానికి కారణం.

ఈ మాటలు మేము ఖరగ్‌పూర్ పట్టణంలోని ఇందా నుండి వ్రాస్తున్నాము. బెంగాల్ గడ్డపై తెలుగు మాట వినిపించే ఊరు ఇది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టిన నాటినుండి విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల బీద కుటుంబాలు పని వెదుక్కుంటూ ఈ ఊరు చేరాయి. ఖలాసీగా చేరినవాడు సమ్మెట పట్టాడు, వాని కొడుకు ఫిట్టరయ్యాడు, మనుమడు వెల్డరయ్యాడు. మథురాకాటీలో, నింపురాలో, ఖరీదాలో, ఇందాలో నేటికీ ఆ ఇళ్ళున్నవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వ నిశ్చయించినదంటే అందుకు మూలం ఆ సమ్మెటలు పట్టిన చేతులే. ఈ ఊరికి తెలుగును తెచ్చినది రైలు పెట్టెల ఇనుప పని. కనుక ఇనుప పనికి వస్తున్న మార్పును గురించి మాట్లాడుటకు ఇంతకన్న తగిన చోటు లేదు.

ఆనాటి శిక్షణకు బడి లేదు, పుస్తకం లేదు. బాయిలరు అతుకవలెనన్నా, గర్డరు కూర్చవలెనన్నా రివిట్టు ఒక్కటే ఆధారం. ఒకడు కొలిమిలో రివిట్టును ఎర్రగా కాల్చేవాడు. ఒకడు పట్టుకారుతో అందుకుని రంధ్రంలో దూర్చేవాడు. ఒకడు అవతలి వైపు బరువు ఆనించి నిలిచేవాడు. ఒకడు సుత్తితో తల కొట్టేవాడు. నలుగురి శ్వాస ఒకటైతేనే రివిట్టు బిగిసేది. కలకత్తాలో 1943లో రాకపోకలకు తెరచిన హౌరా వంతెన 26,500 టన్నుల ఉక్కుతో, నట్టూ బోల్టూ లేకుండా, ఈ విధంగా రివిట్లతోనే నిలిచినది. అటువంటి ముఠాలో కుర్రవాడు మొదట తిత్తి ఊదేవాడు, పిమ్మట పట్టుకారు పట్టేవాడు, ఏండ్లు గడిచిన తరువాత సుత్తి అందుకునేవాడు. నేర్పినవాడు పక్కనే ఉండేవాడు. నేర్చుకున్న కాలమంతా, ఎంత తక్కువైనా, కూలి వచ్చేది. ఆ పద్ధతిలో కష్టం ఉన్నది, కంపెనీ దొరల దౌర్జన్యం ఉన్నది, చెవుడు ఉన్నది. వాటిని మేము పొగడబోవుట లేదు. కానీ నేర్పే బాధ్యత పనిలోనే కలిసి ఉండేదన్న సంగతిని మరువరాదు.

రివిట్టు కాలం పోయి వెల్డింగు కాలం వచ్చినది. 1955లో మద్రాసు పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విట్జర్లాండు కంపెనీ సహకారంతో మొదలై, పూర్తిగా వెల్డింగుతో కూర్చిన ఉక్కు పెట్టెలను దేశానికి ఇచ్చినది. 1972లో చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజనుల తయారీ ఆగిపోవడంతో బాయిలరు పనివారి విద్యకు కొత్త పని కరువైనది. ఆ వృత్తి వారిలో అనేకులు వెల్డింగు నేర్చి నిలదొక్కుకున్నారు. ఆ మార్పు ఒక తరం కాలంలో, నెమ్మదిగా జరిగినది. మామూలు ఉక్కుపై చేతి ఎలక్ట్రోడుతో అతుకువేసే పని అది. ఒకసారి చేయి కుదిరితే ముప్ఫది ఏండ్లు అదే చేయి అన్నం పెట్టేది.

నేటి మార్పు వేరు. 1995లో జర్మనీ కంపెనీతో కుదిరిన ఒప్పందం ఫలితంగా 2000 నాటికి ఎల్.హెచ్.బి. పెట్టెలు మన పట్టాలపైకి వచ్చాయి. 2018 జనవరిలో పెరంబూరు పాత నమూనా పెట్టెల తయారీని ఆపివేసినది. కొత్త పెట్టె గోడలు, పైకప్పు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి. పేరుకు అదీ ఉక్కే. కానీ వెల్డరు చేతికి అది వేరొక లోహం. ఆ స్టీలులో ఒక తరగతి, మామూలు ఉక్కుతో పోలిస్తే, వేడిని మూడవ వంతు మాత్రమే ప్రసరింపజేస్తుంది; వేడికి దాదాపు సగం అదనంగా వ్యాకోచిస్తుంది. కనుక వేడి ఒకేచోట నిలిచి పలుచని రేకు అలలవలె ముడుచుకుంటుంది. మరొక తరగతికి వేడి మితిమీరితే అతుకు పక్కన లోహం పెళుసుబారుతుంది. మామూలు ఉక్కును తోమిన తీగ బ్రష్షుతోనే దీనిని తోమితే ఆ ఇనుప రజను అంటుకుని తుప్పు పట్టని లోహానికీ తుప్పు పడుతుంది. మామూలు ఉక్కును వెన్నవలె కోసే గ్యాసు కట్టరు దీనిపై పనిచేయదు, ప్లాస్మా కావలెను. ఇవన్నీ ఎవరో ఒకరు చెబితే తెలియవలసినవే గాని, ముప్ఫది ఏండ్ల అనుభవం తనంత తాను నేర్పగలిగినవి కావు. పాత అలవాటు ఇక్కడ సహాయం చేయకపోగా కీడు చేస్తుంది.

వంతెనల సంగతీ అంతే. 2025లో రెండు గొప్ప రైల్వే వంతెనలను దేశం చూచినది. నదీగర్భం నుండి 359 మీటర్ల ఎత్తున, 467 మీటర్ల కమానుతో కాశ్మీరులో చీనాబ్ వంతెన లేచినది. సముద్రం మీద 72.5 మీటర్ల భాగం నిలువునా పైకి లేచే కొత్త పంబన్ వంతెన రామేశ్వరం దారిలో తెరుచుకున్నది. పత్రికలు ఇంజనీర్లను కొనియాడాయి, అది న్యాయమే. కానీ ఆ ఉక్కు భాగాలను కోసి, అతికి, ఎత్తున నిలబడి కూర్చినవారి పేర్లు ఎక్కడా కనబడవు. ఇటువంటి పనిలో నేడు కంప్యూటరు నడిపే కోత యంత్రాలు, పొడి పొర కింద దానంతట అదే సాగిపోయే వెల్డింగు, అతుకు లోపలి లోపాన్ని పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష సర్వసాధారణమైనవి. మరమనుషులు కూడా వచ్చాయి. వెల్డరు వృత్తి నశించుట లేదు. అది రెండుగా చీలిపోతున్నది. ఒకవైపు, యంత్రాన్ని అమర్చగలిగి, నక్షా చదవగలిగి, ధృవపత్రం చేతనున్న కొద్దిమంది. మరొకవైపు, కాంట్రాక్టరు కింద దినకూలికి ఎలక్ట్రోడు పట్టి, ఎండలో, ఎత్తున, ఏ కాగితమూ లేకుండా పనిచేసే అసంఖ్యాకులు. మన సంఘ సభ్యుడు ఈ రెండు వైపులలో ఎటు చేరతాడన్నదే నేటి ప్రశ్న. దానిని నిర్ణయించేది శిక్షణ.

ఆ శిక్షణ నేడు ఎట్లున్నది? ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సు ఒక సంవత్సరం, ఫిట్టరు కోర్సు రెండు సంవత్సరాలు. అక్కడ చేయి తిరుగుటకు కావలసినన్ని గంటలు, ఎలక్ట్రోడులు, రేకులు ఎందరికి అందుతున్నవో మన పిల్లలను అడిగితే చెబుతారు. ఆ పిమ్మట 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద వర్క్‌షాపు ప్రవేశం. ఆగ్నేయ రైల్వే 2024లో విడుదల చేసిన ప్రకటనలో 1,785 అప్రెంటిస్ స్థానాలు ఉండగా, వాటిలో 360 ఖరగ్‌పూర్ వర్క్‌షాపువే. వినుటకు పెద్ద అంకె. కానీ ఆ చట్టంలోని 18వ సెక్షను అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే గాని కార్మికుడు కాడని చెబుతున్నది. 22వ సెక్షను శిక్షణానంతరం ఉద్యోగం ఇవ్వవలసిన నిర్బంధాన్ని యజమానిపై మోపలేదు. 2014 సవరణ తరువాత యజమాని తన విధానాన్ని తానే రూపొందించుకొనవచ్చును. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండు చదువును బట్టి 5,000 నుండి 9,000 రూపాయలు. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి దీనిని 36 శాతం పెంచవలసినదిగా సిఫారసు చేసినది. అనగా ఆరేండ్లపాటు ధరలు పెరుగుతూ పోగా స్టైపెండు కదలలేదన్న సత్యాన్ని ప్రభుత్వ మండలియే అంగీకరించినదన్న మాట.

రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి మొదటి స్థాయి ఉద్యోగాలలో 20 శాతం కేటాయించారు. అది చాలదని, తమకందరికీ ఉద్యోగాలు ఇవ్వవలెనని కోరుతూ 2018 మార్చి 20న బొంబాయిలో మాటుంగా, దాదర్ స్టేషన్ల నడుమ వందలాది యువకులు పట్టాలపై కూర్చున్నారు. లక్షల ప్రయాణికులు చిక్కుకున్నారు, లాఠీలు లేచాయి. ప్రయాణికుల ఇబ్బందిని మేము తక్కువ చేయము. కానీ రైల్వే సొమ్ముతో, రైల్వే యంత్రంపై, రైల్వే పని నేర్చిన చేయి ఇంటికి పోవలసి రావడం, అదే సమయంలో రైల్వేలో రెండున్నర లక్షలకు పైగా ఖాళీలున్నట్లు 2023లో లెక్కలు వెలువడడం — ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచిన ఏ గృహస్థునికైనా ఆ యువకుల కోపం అర్థం కాకపోదు. విత్తనం చల్లి, నీరు కట్టి, పంట కోతకు వచ్చిన నాడు పొలం విడిచి పోయే రైతు ఎక్కడైనా ఉంటాడా?

ఇక సర్వీసులో ఉన్న మనవారి సంగతి. మేము ఎరిగిన ఒక వర్క్‌షాపులో జరిగిన ఉదంతాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. పదవీ విరమణకు ఆరేండ్లు మిగిలి ఉన్న ఒక వెల్డరును స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగు శిక్షణకు అయిదు దినాలు పంపారు. పాఠం ఇంగ్లీషులో, కొంత హిందీలో సాగినది. ఆయన తెలుగు చదివినవాడు. మూడవ దినాన షాపులో పని నిలిచిపోయినదని సూపర్‌వైజరు పిలిపించగా తిరిగి వచ్చి పనిలో దిగాడు. అయిదు దినాలకూ హాజరు సంతకం మాత్రం పూర్తి చేయించుకున్నారు. కొన్ని నెలల తరువాత ఆయన అతికిన రేకు వేడికి ముడుచుకుపోయినదని చార్జిషీటు ఇచ్చారు. విచారణలో ఆయన పక్షాన మేము నిలిచాము. పనిముట్టు తెలియని పని అప్పగించారని వాదించాము. అధికారి ఒక కాగితం మా ముందుంచాడు. శిక్షణ పొందితినని ఆయన చేసిన సంతకం అది. సంతకం ఆయనదే. ఆ ఇంక్రిమెంటు పోయినది. విచారణ గది వెలుపల ఆయన మమ్ము నిందించలేదు, “శిక్షణ సగంలో నన్ను పిలిచిన నాడు యూనియను ఎక్కడున్నదండీ?” అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది. నేటికీ అది మా మనస్సును విడువలేదు.

శిక్షణ లోపమంటే ఒక రేకు ముడుచుకొనుటతో ఆగిపోయేది కాదు. మన ఖరగ్‌పూర్ డివిజనులోనే బహానగా బజారు స్టేషను వద్ద 2023 జూన్ 2న 290కి పైగా ప్రాణాలు పోయాయి. సిగ్నల్ సర్క్యూటు మార్పు పనిలో జరిగిన లోపాలే అందుకు కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చినది. అది తీగల పని, ఇది ఇనుప పని. రెండింటికీ నీతి ఒక్కటే. చేసే పనికి తగిన నేర్పు, నేర్పుకు తగిన వ్యవధి, చేసిన పనిని మరొక కన్ను పరీక్షించే క్రమం — వీటిలో ఏది లోపించినా వెల చెల్లించేది పెట్టెలో నిద్రపోతున్న ప్రయాణికుడు. నైపుణ్యం కార్మికుని స్వంత విషయం కాదు. అది ప్రజల భద్రత.

ఆరోగ్యం సంగతి మరొకటి. వెల్డింగు పొగ మనిషికి క్యాన్సరు కలిగించే పదార్థాల వరుసలో నిస్సందేహమైన తరగతికి చెందినదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించినది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో విషపు క్రోమియం కలిసి ఉంటుంది. లోహం కొత్తదైనప్పుడు ప్రమాదం కూడా కొత్తదే. పొగను పుట్టిన చోటనే పీల్చివేసే యంత్రం ఎన్ని షాపులలో ఉన్నది? ముఖానికి గుడ్డ కట్టుకుని పనిచేసే కాంట్రాక్టు కుర్రవానికి ఈ మాట చెప్పినవారెవరు? శిక్షణ అంటే అతుకు వేయుట నేర్పుట ఒక్కటే కాదు. బ్రతికి ఇంటికి చేరుట కూడా నేర్పవలెను.

తపాలా సోదరులు ఇది రైల్వేవారి గొడవ అనుకొనవచ్చును. కాదు. తపాలా శాఖ మెయిల్ మోటారు సర్వీసు వర్క్‌షాపులలో కమ్మరి, వెల్డరు, పెయింటరు పనులు చేసే ఆర్టిజన్లు మన సభ్యులే. తంతి తపాలా శాఖలు 1985లో విడిపోక పూర్వం కలకత్తా అలీపూరులోనూ, జబల్‌పూరులోనూ ఉన్న కర్మాగారాలు మన శాఖవే. ఆ లోహపు పనివారి విద్య మన శాఖ ఆస్తిగా ఉండేది. ఇంతకన్న దగ్గరి ఉదాహరణ కావలెనంటే బ్రాంచి పోస్టాఫీసుకు పోవచ్చును. 2017 డిసెంబరులో దర్పణ్ పథకం మొదలై గ్రామీణ డాక్ సేవకుని చేతికి యంత్రం వచ్చినది. 2025 ఆగస్టు నాటికి దేశమంతటా కొత్త కంప్యూటరు వ్యవస్థ వచ్చినది. యంత్రం వచ్చినంత వేగంగా శిక్షణ వచ్చినదా? కౌంటరు ముందు వరుస కట్టిన జనం, తెర మీద కదలని అక్షరాలు, మధ్యలో మాట పడేది ఉద్యోగి. షాపులో వెల్డరుకూ కౌంటరులో అసిస్టెంటుకూ ఎదురైన సమస్య పేరు ఒక్కటే: నేర్పకుండా అప్పగించుట, తప్పు జరిగితే శిక్షించుట.

ఈ దుస్థితిలో మన వాటా లేదా? నిజాయితీగా చెప్పుకొనవలెను. జీతం, కరువుభత్యం, బోనసు, పింఛను — వీటిపై మన సంఘాలు లెక్కలేనన్ని తీర్మానాలు చేశాయి. శిక్షణను గురించి ఎన్ని చేశాయి? ట్రేడ్ టెస్టును ప్రమోషను మెట్టుగా చూచాము గాని విద్యకు కొలతగా చూడలేదు. కాంట్రాక్టు వెల్డరు మన గేటు లోపలే పనిచేస్తున్నా అతడు మనవాడు కాడన్నట్లు ప్రవర్తించాము. అతని కూలి తగ్గిన కొద్దీ మన ఉద్యోగమే తరిగిపోతున్నదని ఆలస్యంగా గ్రహించాము. పని తెలిసిన పెద్దలలో కొందరు తమ విద్యను గుట్టుగా దాచుకున్నారు. కుర్రవాడు నేర్చుకుంటే తమ విలువ తగ్గుతుందని భయపడ్డారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ దాచిన విద్య వారితోనే పదవీ విరమణ చేసినది. షాపుకూ దక్కలేదు, సంఘానికీ దక్కలేదు.

కనుక రాబోయే శాఖా సమావేశాలన్నింటిలో ఈ క్రింది విషయాలను చర్చకు తీసుకొనవలసినదిగా కోరుతున్నాము.

మొదటిది, కొత్త లోహం గాని, కొత్త యంత్రం గాని ప్రవేశపెట్టుటకు ముందే పూర్తి జీతంతో, డ్యూటీ గంటలలో శిక్షణ జరగవలెను. శిక్షణ మధ్యలో ఉద్యోగిని పనికి పిలువరాదు. పిలిచినచో ఆ దినాన్ని శిక్షణగా లెక్కింపరాదు. హాజరు సంతకం కాక, చేసి చూపిన పరీక్షా ముక్క మాత్రమే శిక్షణకు సాక్ష్యం కావలెను.

రెండవది, పాఠం నేర్చుకునేవాని భాషలో సాగవలెను. ఖరగ్‌పూర్‌లో అయితే బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులో కూడా. యంత్రపు భాగాల పేర్లు ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన వివరణ కూడా ఇంగ్లీషులో ఉండనక్కరలేదు.

మూడవది, వెల్డరు అర్హతా పరీక్ష నెగ్గినవానికి ఆ ధృవపత్రం ప్రతిని చేతికి ఇవ్వవలెను. అది ఆఫీసు ఫైలులో మగ్గరాదు. విద్య కార్మికునిది, దాని రుజువు కూడా కార్మికునిదే.

నాలుగవది, అప్రెంటిస్ పూర్తిచేసినవారితో మంజూరైన ఖాళీలను నింపవలెను. స్టైపెండును ధరల సూచికతో ముడిపెట్టవలెను.

అయిదవది, గేటు లోపల పనిచేసే ప్రతి కాంట్రాక్టు వెల్డరుకూ అదే అర్హతా పరీక్ష, అదే పొగ రక్షణ, అదే వైద్య పరీక్ష వర్తించవలెను. అతుకు అతికినవాడు ఎవరి మస్టరులో ఉన్నాడన్నది రైలు పెట్టెకు తెలియదు.

ఇవి యాజమాన్యాన్ని కోరేవి. మనమే చేయగలిగినది ఒకటున్నది. ప్రతి శాఖ తన కార్యాలయంలో ఆదివారం పూట రెండు గంటలు కేటాయించవచ్చును. పదవీ విరమణ చేసిన ఫిట్టర్లనూ వెల్డర్లనూ పిలిచి నక్షా చదువుట, కొలత వేయుట, అతుకును కంటితో పరీక్షించుట కుర్రవారికి చెప్పించవచ్చును. వెల్డింగు యంత్రం లేకున్నా ఒక నల్లబల్ల, కొన్ని పాత అతుకుల ముక్కలు చాలును. తపాలా శాఖలు కొత్త కంప్యూటరు వ్యవస్థకు ఇదే విధంగా చేయవచ్చును. తెలిసినవాడు తెలియనివానికి చెప్పుట సంఘం అన్న మాటకు మొదటి అర్థం.

1927లో ఇదే ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల తగ్గింపును ఎదిరించి నెలల తరబడి నిలిచారు. ఆ కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వారిలో తెలుగువారైన వి.వి. గిరి ఒకరు; 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1974 మేలో దేశమంతటా రైలు చక్రం ఆగినప్పుడు ఈ ఊరు వెనుకబడలేదు. ఆనాడు ఉద్యోగం నుండి మనిషిని తొలగించుట కళ్ళకు కనబడేది; నోటీసు బోర్డుపై పేరు ఉండేది. నేడు తొలగింపు అట్లా రాదు. మనిషిని అక్కడనే ఉంచి, అతని చేతిలోని విద్యను పాతదిగా చేసి, కొత్తది నేర్పకుండా వదిలి, ఒకనాడు నీవు పనికిరావని చెబుతారు. నోటీసు లేని తొలగింపు ఇది. దీనికి ఎదురు నిలువవలెనంటే ఆ దినం వచ్చేవరకు వేచి ఉండరాదు.

ఆ వెల్డరు ఇంక్రిమెంటును మనం తిరిగి తెచ్చి ఇవ్వలేకపోయాము. రేపు మరొకరిని శిక్షణ సగంలో పనికి పిలిచినప్పుడు, సూపర్‌వైజరు గది ముందు శాఖా కార్యదర్శి నిలిచి ఉండవలెను. ఆయన అడిగిన ప్రశ్నకు మనం ఇవ్వదగిన జవాబు అది ఒక్కటే.